బాపు చూసిన ఉల్కలు

2020 ఏప్రిల్ 3, రాత్రి 8:40

ఈ రోజు శుక్రుడు కృత్తికల మధ్యకు వచ్చాడు. ఎనిమిదేళ్లకు ఒకసారి జరుగుతుంది. మళ్లీ జరిగేసరికి నాకు ముప్పై ఏళ్లు. డాబా మీదికి పోతుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పైన మగపిల్లలు సిగరెట్లు తాగుతున్నారట. చీకట్లో ఆడపిల్ల ఒక్కతే పోతే మా డిండోలి బస్తీ అంతా చెప్పుకుంటుందట. డిండోలికి ఇప్పుడు తిండికే దిక్కులేదు, నా గురించి ఏం చెప్పుకుంటుంది అన్నాను. అమ్మ చెయ్యెత్తింది. కొట్టలేదు.

నాన్నను వెంట తీసుకుపొమ్మంది. మా బాపు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు. అప్పటి నుంచీ పవర్‌లూమ్ కార్ఖానాలోనే. పన్నెండు మగ్గాలు ఒక్కడే చూసుకుంటాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. లాక్‌డౌన్ పెట్టి పది రోజులైంది. పది రోజులుగా మంచం మీద కూర్చుని గోడను చూస్తున్నాడు. గోడ బదులు ఆకాశం చూడు అని లాక్కుపోయాను.

పండేసర మిల్లుల పొగ లేదు. ఇంత ఆకాశాన్ని ఇక్కడ నేనెప్పుడూ చూడలేదు. మా ఆస్ట్రానమీ క్లబ్ వాట్సాప్ గ్రూపులో అందరూ ప్రకృతి ఊపిరి పీల్చుకుంటోందని హార్ట్‌లు పెడుతున్నారు. మా వీధి చివర కిచిడీ కోసం నిలబడ్డ లైన్ ఫొటో తీసి అక్కడ పెడదామనుకున్నాను. పెట్టలేదు. ఆకాశం బాగుందన్నది నిజమే. అందుకే ఇంకా కోపం.

ఏప్రిల్ 22, తెల్లవారుజాము 5:15

లైరిడ్స్ ఉల్కాపాతం. మూడు నుంచి ఐదు వరకు డాబా మీద చాప వేసుకుని పడుకున్నాం. నాకు ఎనిమిది ఉల్కలు. బాపుకు పద్నాలుగు.

చీకట్లో రాసుకోవడం బాపుకు రాదు. చేతిలో ఒక నూలుపోగు పట్టుకుని ఉల్క కనిపించినప్పుడల్లా ఒక ముడి వేశాడు. కిందికి వచ్చి లెక్కపెడితే పద్నాలుగు ముళ్లు. నేను చూసిన ఎనిమిదీ బాపు చూశాడు. మిగతా ఆరు నేను తల తిప్పేలోపే పోయాయి. ఎట్లా కనిపిస్తున్నాయి నీకు అని అడిగాను. "పన్నెండు మగ్గాల మీద ఏడ పోగు తెగినా కనవడాలె గదా బిడ్డా. గిదేం కష్టం" అన్నాడు.

నెల రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

ఏప్రిల్ 23

రిపోర్టులో ఇద్దరి పేర్లూ రాసి పంపాను. గ్రూపులో నా పేరు ఒక్కటే వచ్చింది. వరప్రసాద్ గారు తీసేశారు. మా క్లబ్ పెద్ద ఆయన. వైజాగ్ మనిషి, హజీరాలో ఇంజనీరు, అడాజన్‌లో ఉంటారు. ట్రెయినింగ్ లేని వాళ్ల పరిశీలన రికార్డులోకి తీసుకోలేమట. నాకు ట్రెయినింగ్ ఇచ్చింది ఎవరు? యూట్యూబ్.

మే 10

మా బిల్డింగ్‌లో ఏడు గదులకు తాళాలు. అందరూ రైళ్లలో ఊరికి వెళ్లిపోయారు. ఊరిలో ఏముందని పోవాలి అంటాడు బాపు. ఇక్కడ ఏముందని ఉండాలి అంటుంది అమ్మ. ఇద్దరూ నా వైపు చూస్తారు, నేనేదో తీర్పు చెప్పాలన్నట్టు.

జూన్ 29

మగ్గాలు మొదలయ్యాయి. బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున ఆరున్నరకే బయటపడ్డాడు. పొగ మళ్లీ వచ్చింది. నాకు బాధ వేసింది. వేసినందుకు సిగ్గూ వేసింది.

ఆగస్టు 13, రాత్రి 2:30

పర్సీడ్స్ నాశనం. మబ్బు. చినుకులు. డాబా మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని గంట కూర్చున్నాం. ఒక్క చుక్క కూడా లేదు. అయినా బాపు రెండుసార్లు అగో, పోయింది అన్నాడు. ఎక్కడ పోయింది, పైనంతా మబ్బు కదా అని అరిచాను. మబ్బు సందులో ఉంటుందేమో అన్నాడు. సందు ఎక్కడుంది చూపించు అన్నాను. పాపం ఆ చీకట్లో నిజంగానే వెతికాడు. పొద్దున్నే డ్యూటీ ఉన్న మనిషి. నన్ను సంతోషపెట్టడానికి చెప్పాడనుకుని ఇంకా విసుక్కున్నాను.

అక్టోబర్ 22, ఉదయం 7:00

ఒరియోనిడ్స్. గంటలో నాకు ఏడు. బాపుకు ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి. ఈసారి ముళ్లు కాదు. ఫోన్ రికార్డర్ పెట్టాను. ఉల్క పడ్డప్పుడల్లా బాపు పైకి అంటాడు, దానితో టైము వస్తుంది. ఈసారి ఎవరూ తీసేయలేరు. ఆడియో ఫైల్‌తో సహా పంపాను. బాపు స్నానం చేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు మొత్తం ఎన్ని అన్నవ్ అని మళ్లీ అడిగాడు. ముప్పై ఒకటి అన్నాను, గట్టిగా, వినబడేలా.

నవంబర్ 1, రాత్రి

రెండుసార్లు డైరీ మూసేశాను. అయినా రాస్తాను.

ఈ రోజు జూమ్ మీటింగ్. బాపు వింటానన్నాడు. ఆయన చెవులకు సరిపోయేలా స్పీకర్ పూర్తిగా పెంచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నలభై మంది ఉన్నారు. వరప్రసాద్ గారు అందరి రిపోర్టులూ మెచ్చుకుంటూ మా దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా హిందీలో మాట్లాడిన మనిషి నా కోసం తెలుగులోకి మారారు. అది మర్యాద అనుకున్నారు కాబోలు.

"సింధూజా, తప్పుగా అనుకోవద్దమ్మా. డిండోలి వెలుతురులో గంటకి ముప్పై ఒకటి కుదరదు. ఎడారిలో పడుకున్నా ఒరియోనిడ్స్ అన్ని రావు. ఇంట్లో పెద్దవాళ్లని సంతోషపెట్టడానికి మన డేటా పాడుచేసుకోకూడదు కదా."

ఎవరో మ్యూట్ తీసి నవ్వారు. బాపు స్క్రీన్ వైపే చూస్తున్నాడు. అబద్ధం అంటున్నడా అని నన్ను అడిగాడు. నెమ్మదిగా అడిగాననుకున్నాడు, కాని చెవులు సరిగా లేని మనిషి గొంతు కదా, నలభై మందికీ వినబడింది.

మా బాపు పక్కన ఒక్క రాత్రి కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడండి అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఏసీ కారులో పోయి ఫామ్‌హౌస్‌లో పడుకుని చూసేవాళ్లకు కార్మికుడి కళ్లంటే లెక్క లేదన్నాను. ఫోన్ కట్ చేశాను. అమ్మ లోపలి నుంచి వచ్చి ఏమైందని అడిగింది. బాపు ఏమీ లేదు, నెట్‌వర్క్ పోయింది అన్నాడు.

నవంబర్ 12

కార్ఖానా యజమాని, షేట్, బాపు దగ్గర నుంచి నాలుగు మగ్గాలు తీసేశాడు. బట్టలో తప్పులు వస్తున్నాయట. దీపావళి ముందు చేసే పనేనా ఇది? నేను కార్ఖానాకు వెళ్లాను. ఆ చప్పుడులో అరిస్తేనే వినబడుతుంది కాబట్టి అరిచాను. ముప్పై ఏళ్లు చేయించుకుని ఇప్పుడు మనిషి ముసలివాడయ్యాడా అని హిందీలో అడిగాను. షేట్ లోపలికి వెళ్లాడు. ఒక తాను తెచ్చి నా ముందు పరిచాడు. బట్టకు కుడి అంచు వెంట మూరెడు పొడవున పోగు లేదు, సన్నటి సందు. ఇట్లాంటివి ఆరు తాన్లు ఉన్నాయి బేటీ, నేనేం చెయ్యాలి అన్నాడు. నీ ట్యూబ్‌లైట్లు మార్చు అన్నాను.

పనివాళ్లంతా చూస్తుండగా బాపు నా రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు.

నవంబర్ 14

పండగ. బాపు నాతో మాట్లాడడం లేదు. మంచిదే.

డిసెంబర్ 11

రాత్రి కర్ఫ్యూ నడుస్తోంది, తొమ్మిది నుంచి ఆరు దాకా. వరప్రసాద్ గారు మెసేజ్ పెట్టారు. పదమూడున జెమినిడ్స్. కిమ్ అనే ఊరి దగ్గర ఒక మెంబరు చెరకు తోట పక్కన క్యాంపు. కెమెరా ఉంటుంది, ఐదుగురు లెక్కపెడతారు. మీ నాన్నగారిని తీసుకురండి, కర్ఫ్యూ ముందే కారులో తీసుకెళ్లి తెల్లారాక దింపుతాను అన్నారు.

బాపు రానన్నాడు. ముప్పై ఏళ్లు షేట్లు పెట్టిన పరీక్షలు చాలట. ఇప్పుడు చుక్కల పరీక్ష కూడానా అన్నాడు. నీ కోసమే కదా నేను అందరితో కొట్లాడుతున్నది అన్నాను. కొట్లాడుమని నేనన్ననా అన్నాడు. అయితే నేనొక్కదాన్నే పోతా, రాత్రంతా ఆ మగవాళ్ల మధ్యే ఉంటా అన్నాను. ఇది అన్యాయమని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

బాపు లేచి ట్రంకులోంచి స్వెటర్ తీసి మంచం మీద పెట్టుకున్నాడు.

డిసెంబర్ 14, ఉదయం 9:00. ఆసుపత్రి, ఓపీ బయట బెంచి

వరుసగా రాస్తాను. రాయకపోతే గోడకు తల కొట్టుకుంటాను.

చలి. అమావాస్య. చెరకు తోట అవతల ఫ్యాక్టరీ దీపాలు ఉన్నా నడినెత్తిన ఆకాశం నల్లగా ఉంది. పది దాటాక ఉల్కలు మొదలయ్యాయి. నిజమైనవి, పెద్దవి, కొన్ని ఆకుపచ్చగా. బాపును నా పక్కనే చాప మీద పడుకోబెట్టాను. ఆయన అంటుంటే ఒక అబ్బాయి టైము రాస్తున్నాడు.

మొదటి గంట అయ్యాక వరప్రసాద్ గారు టార్చికి ఎర్ర కాగితం కట్టి లెక్కలు చూశారు. ఐదుగురివి కలిపి నలభై నాలుగు. బాపు ఒక్కడివి తొంభై. నేను లేచి నిలబడ్డాను. ఏమైనా అంటే అనడానికి మాటలు నెల రోజులుగా తయారుగా ఉన్నాయి నా దగ్గర. ఆయన లెక్క మరోసారి చూసుకున్నారు. కాగితం మా క్లబ్‌లోని విజయరాణి గారికి ఇచ్చారు. ఉధ్నాలో ఉంటారు, కంటి ఆసుపత్రిలో నర్సు. వాళ్లదీ కరీంనగర్ వైపే.

ఆమె వచ్చి బాపు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"కాకా, ఇవన్నీ ఎటు దిక్కు కనవడుతున్నయ్ నీకు?"

"అన్ని దిక్కులా పోతున్నయ్. కుడి దిక్కు జర ఎక్కువ."

"ఎట్లుంటయ్?"

"మెరుపు లెక్క. గిట్ల వంకర తిరిగి సర్రున పోతయ్."

ఉల్క వంకర పోదు. ఆ మాట ఏడు నెలలుగా ఆయన్ని నేను ఎందుకు అడగలేదు?

"ఒకసారి కండ్లు మూసుకో కాకా. గట్టిగ మూసుకో. ఇప్పుడు కండ్లు అటు ఇటు తిప్పు."

బాపు కళ్లు మూసుకున్నాడు. నేను చూస్తున్నాను. రెప్పల కింద గుడ్లు కదలడం ఆ ఎర్రటి వెలుతురులో తెలుస్తోంది.

"అగో, ఇంకోటి" అన్నాడు. "అగో. ఇంకోటి."

ఆ టైములోనే పైన ఒకటి, చాలా పెద్దది, తోట మీదుగా వెళ్లింది. అందరూ తలెత్తారు. బాపు కళ్లు మూసుకునే ఉన్నాడు కాబట్టి అది చూడలేదు.

విజయరాణి గారు మెల్లగా ఒక్కొక్కటే అడిగారు. నల్లటి దోమల్లాంటివి కనిపిస్తున్నాయా? అవును, ఎండాకాలం పోయినప్పటి నుంచి. కుడి పక్క తెర దించినట్టు ఉందా? ఉంది. ఎప్పటి నుంచి? దసరా నుంచి. అప్పుడు కొసకు ఉండేది, ఇప్పుడు జర లోపలికి వచ్చింది.

ఎందుకు చెప్పలేదు అని నేను అరిచాను. చెరకు తోట మొత్తం విని ఉంటుంది.

"చెప్తే షేట్ మగ్గాలు తీస్తడు గద బిడ్డా" అన్నాడు. "చుక్కలు ఎన్ని జూసినవని నువ్వడుగుతవ్. నేను చెప్తే సంబురపడుతవ్. కొన్ని చుక్కలు కావేమో అని నాకూ అనిపించింది. గని నువ్వు మస్తు సంబురపడ్డవ్."

వరప్రసాద్ గారు సామాను సర్దారు. జెమినిడ్స్ పీక్ అప్పటికి ఇంకా రానే లేదు. కర్ఫ్యూలో బండి ఆపితే చెప్పుకోవడానికి విజయరాణి గారి ఆసుపత్రి కార్డు ముందు సీట్లో పెట్టుకుని బయలుదేరాం. దారిలో ఆయన ఒక్క మాట అన్నారు. అంకె తప్పని నాకు తెలిసింది, ఎందుకు తప్పిందో అడగాల్సింది, అడగలేదమ్మా అన్నారు. ఆయన మంచిగా మాట్లాడడం నాకు అప్పుడు అస్సలు నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబర్ 14, రాత్రి

కుడి కంట్లో రెటీనాకు చిరుగు. అక్కడి నుంచి ఊడడం మొదలైంది. రెటీనాను లోపల లాగుతున్నప్పుడు కంటికి మెరుపులు కనిపిస్తాయట. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. మెరుపులు మొదలైనప్పుడే వచ్చి ఉంటే లేజర్‌తో గంటలో అయిపోయేదట. ఇప్పుడు ఆపరేషన్. చూపు ఎంత వస్తుందో చెప్పలేనంది.

మబ్బులో ఉల్క చూశాడు. మబ్బులో. నేను బీఎస్సీ ఫిజిక్స్.

షేట్ తాను పరిచి చూపించాడు, కుడి అంచు అని. చూడలేదు. వరప్రసాద్ కుదరదు అన్నాడు. వినలేదు. అందరూ మమ్మల్ని తక్కువ చేస్తున్నారని కొట్లాడుతూనే ఉన్నాను. తక్కువ చేశారు కూడా, అది అబద్ధం కాదు. కాని నేను కొట్లాడినన్ని రోజులూ ఆ తెర లోపలికి వస్తూనే ఉంది.

డిసెంబర్ 16

కరోనా టెస్టు నెగెటివ్. ఆపరేషన్ అయింది. బాపు స్పృహలోనే ఉన్నాడట, లోపల ఏవో కత్తులు కదలడం కనిపించిందని చెప్పాడు. అమ్మ ఆ మాట విని బయటికి వెళ్లి కూర్చుంది.

డిసెంబర్ 18

కంట్లో గ్యాస్ నింపారు. అది రెటీనాను నొక్కి పట్టుకోవాలంటే ముఖం నేలకు పెట్టి పడుకోవాలి. వారం రోజులు, పగలూ రాత్రీ. గంటకు పది నిమిషాలు లేవొచ్చు.

బాపుకు మాపై చెప్పలేనంత కోపంగా ఉంది. అన్నం ఇట్లా తినాలా అని గిన్నె తోసేశాడు. అమ్మ కింద కూర్చుని స్పూన్‌తో పెట్టింది. అదీ కొంత పడింది, కొంత తిన్నాడు. షేట్ ఫోన్ చేసి బాగోగులు అడిగాడు. రెండు నెలల తర్వాత డబుల్ చెక్కింగ్ పని, నేసిన తాన్లను కూర్చుని రెండోసారి సరిచూసేది, ఇస్తానన్నాడు. బాపు ఫోన్ నా వైపు తోశాడు. నేను థాంక్స్ అన్నాను. మొన్న అరిచినదానికి సారీ అనలేకపోయాను. రేపు అంటాను.

రాత్రి నేలను చూస్తూనే అడిగాడు. "ఏప్రిల్ నెలల జూసినయి గూడ ఉత్తయేనా?"

కాదు బాపూ, అవి నిజమైనవే అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

టైములు లేవు, రికార్డింగ్ లేదు. నా ఎనిమిదికి నేను సాక్ష్యం. ఆ ఆరింటికి ఎవరూ లేరు. నాకు తెలుసు అన్నాను. అబద్ధం చెప్పినట్టే ఉంది నా గొంతు. చెవులు సరిగా లేని మనిషికి కూడా అది తెలిసింది.

డిసెంబర్ 20

వరప్రసాద్ గారు పళ్లు పట్టుకుని వచ్చారు. మంచం పక్కన నేల మీద కూర్చుంటేనే బాపు ముఖం కనిపిస్తుంది కాబట్టి నేల మీదే కూర్చున్నారు, ప్యాంటుకు మట్టి అంటినా. నేను పంపిన అక్టోబర్ లెక్క తీసేయమని నేనే అడిగాను. ఏప్రిల్ రిపోర్టులో బాపు పేరు లేకుండా పోయిందని కూడా చెప్పాను. రేపు చేర్చుతానన్నారు. చేర్చకపోతే మళ్లీ కొట్లాడతాను. ఈసారి మెల్లగా.

డిసెంబర్ 21, రాత్రి 7:30

ఆరు గంటలప్పుడు లేవాల్సిన పది నిమిషాలను బాపు వాడుకోలేదు. దాచుకుని ఏడింటికి లేచాడు. కుడి కంటికి మూత. ఒక పక్క అమ్మ, ఒక పక్క నేను. డాబా.

ఈ రాత్రి రెండు గ్రహాలు ఒకటే అనిపించేంత దగ్గరికి వస్తాయి. నైరుతిలో, కిందికి, ఒకటే పెద్ద వెలుగు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒకటే. బాపుకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఏ గ్రహాలో, ఎన్నో.

"రెండున్నయ్" అన్నాడు. "పెద్దదానికి జర మీద, కుడి దిక్కు, చిన్నది."

నాకు ఒక్కటే కనిపించింది. రెండు అని రాస్తున్నాను.